తలుపు తట్టేదెవరు?

అందరికీ నమస్కారమండీ. పిల్లలూ, మీకు కూడా.

కాలేజీలో కొత్తగా చేరే పిల్లలు హాస్టల్లో ఉండాలా, బయట రూము తీసుకోవాలా అన్నది చెప్పమని నన్ను పిలిచారు. నేను కాకినాడలో ఒక కాలేజీలో ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పాను. అందులో ఆరేళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని. రిటైరయ్యాక మా డాబా మీద పోర్షను చదువుకునే కుర్రాళ్ళకి అద్దెకిస్తున్నాను. అంటే గేటుకి తాళం వేసిందాన్నీ నేనే, ఒకటో తారీఖున అద్దె అడిగేదాన్నీ నేనే. రెండు వైపుల తిట్లూ తిన్నాను.

ముందు మా పైపోర్షను సంగతి ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ కిందట, వినాయక చవితి రోజులు. పైన నలుగురు కుర్రాళ్ళు. ముగ్గురు పండగకి ఊరెళ్ళారు. నాలుగోవాడిది చింతూరు వైపు, రెండు రోజుల సెలవుకి అంత దూరం ఎందుకని ఉండిపోయాడు. నేను రోజూ పొద్దున్నే మోటారు వేస్తే ట్యాంకు నిండడానికి ముప్పావుగంట పడుతుంది. పండగ మర్నాడు అయిదు నిమిషాలకే నీళ్ళు పొర్లాయి. పైన ఎవరూ లేరుగా అనుకుని కట్టేశాను. ఆ మర్నాడు స్విచ్ వేశానో లేదో మళ్ళీ పొర్లింది. అప్పుడు గుర్తొచ్చింది, ఒకడు ఉన్నాడే అని.

మెట్లెక్కి చూస్తే గుమ్మం పక్కన మెస్ వాళ్ళు పెట్టి వెళ్ళిన క్యారేజీలు రెండు, మూతలు తియ్యకుండా అలాగే ఉన్నాయి. చీమలు పట్టాయి. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆ అబ్బాయి ఒళ్ళు కాలిపోతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే డెంగీ అన్నారు. అయిదు రోజులు సెలైన్లు. తర్వాత కులాసాగానే ఉన్నాడు, ఇప్పుడు ఉద్యోగం కూడా చేసుకుంటున్నాడు. ఆ రోజు మాత్రం, "ఫోన్ చెయ్యలేదేంట్రా?" అని అడిగితే, "ఛార్జింగ్ అయిపోయిందండీ. ఛార్జరేమో అటు గోడ దగ్గరుంది" అన్నాడు. ఆ గది పొడవు పన్నెండు అడుగులు.

నేను వెళ్ళి చూశాను కదా అని నన్ను మెచ్చుకోకండి. నాకు తట్టలేదు, ట్యాంకు పొర్లి చెప్పింది. అందుకే ఇల్లు అడగడానికి వచ్చిన తల్లిదండ్రుల్ని ఇప్పుడు నేనే ముందు అడుగుతున్నాను: మీవాడికి జ్వరం వస్తే తలుపు తట్టేదెవరండీ?

మన గోదావరి జిల్లాల్లో ఇది ఊరికే అడిగే మాట కాదు. కొత్త పిల్లలు చేరేదే వానాకాలంలో. కాలవలు నిండి, డ్రెయిన్లు పొంగి, దోమలు ముసిరే నెలలు. ఇంట్లో ఉంటే అమ్మ నుదుటి మీద చెయ్యేసి చూస్తుంది. మొదటిసారి ఆ చెయ్యి లేని చోటికి పిల్లల్ని పంపుతున్నది ఆ నెలల్లోనే.

హాస్టలైతే ఆ బెంగ ఉండదని చెప్పడానికి వచ్చాను అనుకుంటున్నారేమో. కాదు. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు రాత్రి ఎనిమిదింటికి రిజిస్టరులో సంతకాలు పెట్టించేదాన్ని. ఒకమ్మాయి రెండు రోజులు జ్వరంతో మంచం దిగలేదు. రిజిస్టరు చూస్తే రెండు రోజులూ సంతకం ఉంది. "పడుకుందిలే పాపం" అని పక్కమంచం పిల్ల పెట్టేసింది. మూడోరోజు అర్ధరాత్రి నా గది తలుపు కొట్టి ఏడ్చిందీ ఆ పిల్లే. దొంగసంతకానికి కోప్పడాలో, లేపినందుకు మెచ్చుకోవాలో తెలియక రెండూ చేశాను. వార్డెన్‌ని పెట్టుకుని పిల్లల్ని చేర్చుతున్నాం అనుకుంటారు గానీ, నిజానికి మీరు ఫీజు కట్టేది పక్కమంచానికి.

ఇక్కడున్న పిల్లల్లో సగం మంది హాస్టల్ మాట వినగానే మొహం చిట్లించారు, చూశాను. తప్పు మీది కాదు. ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్లో పెట్టారు. తెల్లారకముందే విజిల్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, నెలకొక అవుటింగ్, ఫోను మాట్లాడాలంటే క్యూ. అందులోంచి బయటపడ్డవాడు "మళ్ళీ హాస్టలా, నావల్ల కాదు" అనడంలో న్యాయముంది. అయితే డిగ్రీ, ఇంజనీరింగ్ హాస్టల్ అలా ఉండదు. స్టడీ అవరు పెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. అదే దాని సుఖం, దాని ప్రమాదం కూడా. రెండేళ్ళు విజిల్‌కి లేచిన కుర్రాడికి విజిల్ లేకపోతే లేవడం రాదు. మొదటి ఏడాది బ్యాక్‌లాగులు పడ్డవాళ్ళలో తెలివి తక్కువవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. పొద్దున తొమ్మిదిన్నర దాకా నిద్రలేవని వాళ్ళనే చూశాను. అలాంటివాడు విడిగా రూములో ఉంటే మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. హాస్టల్లో పక్కవాళ్ళు బకెట్లు చప్పుడు చేస్తే అయినా లేస్తాడు.

మా తాతగారి కాలంలో రాజమండ్రిలో చదువుకునే పేదపిల్లలు వారాలు చేసుకునేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, అలా ఏడిళ్ళలో ఏడు రోజుల భోజనం. పడక ఏ సత్రం అరుగు మీదో. అందులో చిన్నతనం ఉంది, కులం పట్టింపు ఉంది, అందరికీ దొరికిన భాగ్యమూ కాదు. దాన్ని నేను పొగడను. ఒక్కటి మాత్రం ఉంది. బుధవారం వారాలబ్బాయి రాకపోతే ఆ ఇల్లాలికి తెలిసేది. విస్తరి ఖాళీగా ఉండేది కదా. మీ కోనసీమలోనే, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా లేకుండా బాటసారులకి అన్నం పెట్టారు. 1909లో ఆవిడ పోయారు, ఇప్పుడు బడి మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నాం. తిన్నావా అని అడిగే మనిషి ఉండడం ఈ నేల మీద పాత అలవాటే. కర్రీ పాయింటువాడు ఆ మాట అడగడు. వాడు అడగాల్సిన పనీ లేదు.

సరే, డబ్బు సంగతి. బయట చవక అని అందరూ అంటారు. లెక్క కోసం అనుకుందాం: పోర్షను అద్దె ఎనిమిది వేలు, నలుగురికి తలా రెండు వేలు. బాగానే ఉంది. అన్నం వండుకుంటారు, కూర మాత్రం కర్రీ పాయింటు నుంచి. పూటకి నలభై చొప్పున రెండు పూటలకి నెలకి రెండు వేల నాలుగు వందలు. పొద్దున టిఫిను, వాటర్ టిన్ను, గ్యాసు, వైఫై, కరెంటు. కరెంటు స్లాబుల్లో ఉంటుంది, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. ఇంటివాళ్ళదీ మీదీ ఒకే మీటరైతే పై స్లాబు భారం మీ నెత్తిన పడుతుంది, వేరే మీటరు ఉందో లేదో ముందే చూసుకోండి. అద్దె పన్నెండు నెలలూ కట్టాలి, వేసవి సెలవులకి మీ ఊరెళ్ళిపోయినా సరే. మధ్యలో ఒకడు మానేస్తే వాడి వాటా మిగతా ముగ్గురి మీద. ఖాళీ చేసేటప్పుడు సున్నాలకని అడ్వాన్సులో కోత. ఆ కోత నేనూ కోస్తాను, దాపరికమెందుకు.

అగ్రిమెంట్ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో మొదట ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఉండేది. అది తప్పించుకోవడానికి పుట్టిన అలవాటే ఈ పదకొండు. మన రాష్ట్రంలో 1999 సవరణ నుంచి ఎన్ని నెలల లీజైనా రిజిస్టరు చేయించాల్సిందే, అలవాటు మాత్రం పోలేదు. దాంట్లో అడ్వాన్సు ఎంత, ఎన్నాళ్ళ ముందు చెప్పి ఖాళీ చెయ్యాలి అన్నవి రాయించుకోండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

హాస్టల్లో చిక్కు వేరు. చాలాచోట్ల ఏడాది ఫీజు ఒక్కసారే కట్టించుకుంటారు, మధ్యలో వచ్చేస్తానంటే తిరిగివ్వరు. రసీదు తీసుకునే ముందే అది అడగండి. కొన్ని ప్రభుత్వ కాలేజీల మెస్‌లో డివైడింగ్ ఉంటుంది, అంటే నెలలో అయిన ఖర్చుని తిన్నవాళ్ళందరికీ పంచుతారు. పిల్లలే కమిటీ వేసుకుని బియ్యం, కూరగాయల లెక్క చూసే చోట తిండి కాస్త నోటికి బాగుంటుంది. చూడనిచోట సాంబారులో ముక్క వెతుక్కోవాలి. ఏదైనా ఆవకాయ సీసా తప్పదు.

ఇక మధ్యలో ప్రైవేటు హాస్టళ్ళని, పీజీలని (పేయింగ్ గెస్టు వసతులు) ఉన్నాయి. బోర్డు మీద హాస్టల్ అని ఉంటుంది, లోపల వార్డెన్ ఉండడు. ఫోర్ షేరింగ్ అని చెప్పి ఆరో మంచం దూరుస్తారు. కాలేజీ పట్టించుకోదు, ఇంటివాళ్ళూ పట్టించుకోరు. మంచివి లేవనను. పిల్లాడిని మొదటి ఏడాదే అక్కడ వేసే ముందు మాత్రం రాత్రి తొమ్మిదింటికి చెప్పకుండా వెళ్ళి చూసి రండి. పగలు అన్నీ బాగానే ఉంటాయి.

ఇంటి నుంచే తిరగొచ్చు కదా అనే తండ్రులున్నారు. ఎదుర్లంక వారధి వచ్చాక అమలాపురం నుంచి కాకినాడ దగ్గరైంది, బస్సు పాసుంది. రోజూ రానూపోనూ నాలుగు గంటలు బస్సులో పోతే ల్యాబ్ రికార్డులు ఎప్పుడు రాస్తాడో ఆలోచించండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ మీద గోదావరి దాటి చదువుకునే పిల్లలకి ఇంకో చిక్కు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. వరద పెరిగితే పంట్లు కట్టేస్తారు, లంకల దారులు మునుగుతాయి. 2022 జులైలో పాతిక లక్షల పైన వచ్చింది, గుర్తుందిగా. లంకల పిల్లలకి ఆ రెండు నెలలకైనా ఒడ్డున మంచం ఉండాలి.

ర్యాగింగ్ భయంతో బయట రూము అంటారు కొందరు. యూజీసీ 2009 నిబంధనలు కాలేజీ లోపలకే కాదు, బయట గదులకీ, వెళ్ళొచ్చే బస్సులకీ వర్తిస్తాయి. కొత్తవాళ్ళని వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలని కూడా వాటిలోనే ఉంది. ఉంచుతున్నారో లేదో కాలేజీలో అడగండి. హెల్ప్‌లైన్ 1800-180-5522, ఫోనులో వేసుకోండి. సీనియర్లు ఉండే సందులోనే రూము తీసుకుని ర్యాగింగ్ తప్పించుకున్నాం అనుకోవడం మాత్రం అమాయకత్వం.

ఆడపిల్లల విషయం ఒకటి చెప్పాలి, నాకు చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది. మగపిల్లల గేటు తొమ్మిదిన్నరకి, మా గేటు ఆరున్నరకి. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచే ఉండేది. తాళం వేసింది నేనే. ఒకమ్మాయి, "మేడమ్, చదువుకోవడానికి హాస్టల్లో చేరాను, హాస్టల్ వల్లే చదువుకోలేకపోతున్నాను" అంది. తర్వాత ఏడాది ముగ్గురు కలిసి బయట రూము తీసుకున్నారు. ఇల్లు దొరకడానికి నెల పట్టింది. మీరెవరమ్మా అని కులం అడిగినవాళ్ళు, నీచు వండకూడదన్నవాళ్ళు, అసలు పెళ్ళికాని ఆడపిల్లలకి ఇవ్వం అన్నవాళ్ళు. నాకు తెలిసి వాళ్ళు ముగ్గురూ హాస్టల్లో కంటే బయటే బాగా చదివారు. కలిసి చేరినవాళ్ళు, ఒకరి సంగతి ఒకరికి తెలుసు.

కాబట్టి నా మాట అడిగితే, మొదటి ఏడాది కాలేజీ హాస్టల్లో ఉండండి, వేసవిలో మళ్ళీ ఆలోచించుకోండి. చేరేటప్పుడు ఎవరితో కలిసి ఇల్లు తీసుకోవాలో మీకు తెలియదు. ఏడాది గడిచాక తెలుస్తుంది. తిండిలో పథ్యం ఉన్నవాళ్ళకి, ఒంటరిగా గదిలో తప్ప నిద్ర పట్టని వాళ్ళకి ఈ మాట వర్తించదు, వాళ్ళు మొదటి నుంచీ బయటే నయం. అప్పుడు ఇంటి ఓనరు నంబరు నాన్న దగ్గరా, నాన్న నంబరు ఓనరు దగ్గరా ఉండాలి.

ఇందాకటి నుంచి వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తుతోంది, పక్కనున్న నాన్నగారు దింపేస్తున్నారు. నువ్వడుగమ్మా ముందు. నాన్నగారు తర్వాత అడుగుతారు.