‘ఇంకా పూర్తవలేదేటండీ?’ అని అడక్కండి
(ఆరుబయట అక్కడికక్కడే ఆయిల్ రంగులతో వేసిన స్కెచ్‌ల ప్రదర్శనలో, విజయనగరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు చదివేశారు, నేను మళ్లీ చదవను.

ఇందాక హాల్లో ప్రతి స్కెచ్ దగ్గరా ఒకటే మాట: “ఇది ఇంకా పూర్తవలేదేటండీ?” పూర్తయిందండీ! సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. పెద్దచెరువు గట్టు మీద తాటినీడ గంట తర్వాత అక్కడుండదు. ఆగకుండా వేస్తూ పోతే ఒకే బొమ్మలో నీడలు రెండు వైపులకి పడతాయి. బయట స్కెచ్ రెండు గంటలు దాటకూడదు, పొద్దు పొడిచేటప్పుడూ గుంకేటప్పుడూ అరగంటే అని ఫ్రెంచి చిత్రకారుడు వలన్సియెన్ 1800లోనే చెప్పాడు.

ఆకులు లెక్కపెట్టకండి. ఆరడుగుల దూరంలో నిలబడి కళ్లు సగం మూయండి. రంగులు తగ్గి, వెలుగూ చీకటీ మిగుల్తాయి. మామూలు పగటిపూట ఆకాశం అన్నిటికన్నా లేత, తర్వాత నేల, నిలబడ్డ చెట్లు ముదురు. ఈ మూడూ కుదిరితే బొమ్మ నిలబడ్డట్టే.

ఇప్పుడు దగ్గరికెళ్లండి. అదిగో, ఎర్రమట్టి బాట స్కెచ్. నీడలో రంగు పల్చన, అడుగున పూసిన గోధుమరంగు కనబడుతోంది. ఎండపట్టున రంగు మందంగా, రంగులు పూసే కత్తితో పెట్టారు. ఆ నీడ నలుపు కాదు, ఊదా. నీడలోకి ఎండ రాకపోయినా నీలాకాశపు వెలుగు వస్తుంది కదా! అక్కడ నలుపు పూస్తే బాటకి గొయ్యి పడుతుంది. ఎండ కోసం తెలుపు కలుపుకుంటూ పోయినా చెడుతుంది, సున్నం కొట్టిన గోడలా చప్పబడుతుంది. ఎండ మెరిసేది పక్కనున్న నీడ వల్ల.

పక్కనే నాగావళి స్కెచ్. నీళ్లలో తెల్లగుడి నీడ గుడికన్నా కాస్త ముదురు, చెట్టు నీడ చెట్టుకన్నా కాస్త లేత. పొరపాటనుకునేరు, నీళ్లలో అలాగే పడుతుంది. ఫోన్లో ఫొటో తీసి పోల్చేవాళ్లకి కూడా ఓ మాట: ఎదురెండలో ఫోను ఆకాశాన్నైనా తెల్లబరుస్తుంది, నీడనైనా నల్లబరుస్తుంది. కన్ను రెండూ చూస్తుంది.

అసలు బాధ వేరే ఉంది. ఈ బొమ్మలకి అద్దాలెందుకండీ? పైనున్న ట్యూబులైట్లే కనబడుతున్నాయి అందులో! పైగా ఆ నీలపు వెలుగులో ఎండరంగులన్నీ చచ్చిపోయాయి. మందంగా పెట్టిన ఆయిల్ రంగు లోపల ఆరడానికి నెలలు పడుతుంది, పచ్చిగా ఉండగా అద్దం ఆనితే అంటుకుపోతుంది.

బాబూ, ఆ లైట్లు ఆర్పి ఉత్తరం కిటికీలు తెరవండి. అటునుంచి ఎండ నేరుగా పడేది తక్కువ, వెలుగు నిలకడగా ఉంటుంది. అద్దాలు రేపు తీయిద్దాం.