బర్మింగ్‌హామ్‌లో మా మూడు సెంట్ల కౌలు

నమస్తే అండీ. ఈ వీడియో మా అమ్మ కోసం. "పొలం చూపించవే" అని పది రోజులుగా ఒకటే ఫోన్లు.

పొలం అంటే అలాట్‌మెంట్. కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్ వాళ్లు భూమిని ముక్కలు చేసి అద్దెకిస్తారు. 1908లో దీనికి చట్టమే చేశారు. కొలత మాత్రం ఇప్పటికీ పాత 'పోల్స్'లోనే. పూర్తి ముక్క పది పోల్స్, అంటే 300 గజాల పైమాటే. మాకొచ్చింది అందులో సగం. "ఎన్ని సెంట్లే?" అంది అమ్మ. మూడు సెంట్ల పైన అమ్మా. ఏడాదికి 60 పౌండ్లు, మన డబ్బుల్లో దాదాపు ఏడు వేలు. "కౌలన్నమాట" అంది. అవును, కౌలే. నాన్న పోయాక మన చేను కౌలుకిచ్చేశాం. మూడేళ్లకి నేనిక్కడ కౌలుకి తీసుకున్నాను.

ఇదిగో, గోంగూర! ఎర్రకాడ. మే సగం వరకూ ఇక్కడ మంచు పడొచ్చు, అందుకే ఏప్రిల్‌లో పెరుగు డబ్బాల్లో విత్తి వంటింటి కిటికీలో పెంచాను. జూన్‌లో ఈ గ్లాస్‌హౌస్‌లోకి మార్చాను. షాపులో చిన్న కట్ట ఒకటిన్నర పౌండు, 170 రూపాయలు, అదీ సగం పండాకులు. ఈ ఒక్క కోతలో... ఆగండి, స్లగ్! నత్తే, గుల్ల ఉండదు. రాత్రికి రాత్రే మొలకలన్నీ తినేస్తుంది. దీన్ని తీసేసి వస్తాను.

ఆ, ఏం చెప్తున్నాను? మా వీధిలో పక్కింటావిడ పేరు తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇక్కడ రెండో వారానికే పక్క ముక్క ఆంటీ పరిచయమయ్యారు. ఆవిడది జమైకా. ఈ ఎర్ర కాడలు చూసి "సోరెల్!" అని నా చేయి పట్టుకున్నారు. పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రగా, పుల్లగా తొడుగు ఉంటుంది కదా, దాన్ని అల్లం, లవంగాలు వేసి మరిగించి క్రిస్మస్‌కి తాగుతారట. మనం ఆకు తింటాం, వాళ్లకి ఆ తొడుగే కావాలి. ఇన్నేళ్లలో ఇక్కడ ఈ మొక్క బతికుండగా చూడలేదన్నారు.

పొద్దు తగ్గితే గాని గోంగూర మొగ్గ వేయదు. ఇక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే. పొద్దు తగ్గేసరికి చలి వచ్చేస్తుంది. అందుకని ఒక్క మొక్కని కోయకుండా ఆంటీకి వదిలేశాను. పొద్దు తగ్గిందని అది అనుకోవాలని, ఆగస్టు మొదటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి దాని మీద పెద్ద నల్ల డబ్బా బోర్లిస్తున్నాం, పొద్దున్నే తీస్తున్నాం. ఒక రోజు ఆవిడ, ఒక రోజు నేను. వాన పడినా సరే.

ఇవాళ నా వంతు. అమ్మా, దగ్గరికి చూపిస్తున్నాను చూడు... ఈ కణుపు దగ్గర, చిన్నగా. మొగ్గేనా అది? నువ్వు చూసి చెప్పు. ఆంటీకి ఇంకా ఫోన్ చేయలేదు.