ఒకే రాజ్యం, నాలుగు చదువు దారులు

శ్రోతలకు నమస్కారం. బ్రిటన్ ఒకే రాజ్యమైనా, అందులోని ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లది చదువుల విషయంలో ఎవరి దారి వారిదే.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో ఒకే తరగతిలో చదివే ఇద్దరు విద్యార్థుల సంగతి చూద్దాం. ఒకరిది స్కాట్లాండ్‌లోనే ఉన్న గ్లాస్గో, ఇంకొకరిది ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్. ఇద్దరిదీ బ్రిటిష్ పాస్‌పోర్టే. గ్లాస్గో విద్యార్థి ఫీజు స్కాట్లాండ్ ప్రభుత్వం కడుతుంది. న్యూకాజిల్ విద్యార్థికి మాత్రం ఏడాదికి 9 వేల పౌండ్ల పైచిలుకు ఫీజు పడుతుంది. చాలామంది దానికి అప్పే తీసుకుంటారు.

1707లో ఇంగ్లండ్‌తో కలిసిపోయినా స్కాట్లాండ్ తన చదువుల పద్ధతిని వదులుకోలేదు. 1999లో ఎడిన్‌బరాలో సొంత పార్లమెంటు వచ్చాక ఆ తేడా ఇంకా పెరిగింది. అంతకు ముందు ఏడాదే బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ ప్రభుత్వం కాలేజీ చదువుకు ఏడాదికి 1000 పౌండ్ల ఫీజు పెట్టింది. స్కాట్లాండ్ దాన్ని 2000లోనే తీసేసింది. దాని బదులు పెట్టిన, డిగ్రీ అయ్యాక కట్టాల్సిన మొత్తాన్ని కూడా 2008లో రద్దు చేసింది. ఇంగ్లండ్ మాత్రం 2006లో ఫీజును 3 వేలకు, 2012లో 9 వేలకు పెంచుకుంటూ పోయింది. ఇందులో నాకు అన్యాయంగా తోచేది ఒకటుంది. ఆ 3 వేల ఫీజు బిల్లు 2004 జనవరిలో లండన్ పార్లమెంటులో కీలక ఓటింగును 5 ఓట్ల తేడాతో గట్టెక్కింది. స్కాట్లాండ్ సభ్యుల ఓట్లు లేకపోతే ఓడిపోయేదే. వాళ్ల నియోజకవర్గాల పిల్లలు తమ ఊరి కాలేజీల్లో ఆ ఫీజు కట్టనక్కర్లేదు.

అలాగని స్కాట్లాండ్ పద్ధతిలో ఇబ్బంది లేదని కాదు. డబ్బు ప్రభుత్వానిది కాబట్టి, సొంత విద్యార్థులకు ఎన్ని సీట్లో లెక్క కట్టి ఇస్తుంది. మంచి మార్కులొచ్చినా సీటు దొరకని స్కాటిష్ పిల్లలున్నారు. ఆ ఇళ్లలో టెన్షన్ ఎలా ఉంటుందో మన తల్లిదండ్రులకు చెప్పక్కర్లేదు.

నాకు నచ్చింది వేల్స్ ఆలోచన. అక్కడ ఫీజు ఇంచుమించు ఇంగ్లండ్ అంతే. కానీ పేద పిల్లల్ని చదువు మాన్పించేది ఫీజు ఒక్కటే కాదు, గది అద్దె, తిండి ఖర్చు కూడా. ఫీజుకైతే అప్పు పుడుతుంది, ఉద్యోగం వచ్చి జీతం ఒక స్థాయి దాటాకే తీర్చాలి. అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. ఇంగ్లండ్ 2016లో కొత్త విద్యార్థులకు ఆ ఖర్చుల గ్రాంటు ఎత్తేసింది. వేల్స్ 2018 నుంచి పేద కుటుంబాలకు ఎక్కువ అందేలా గ్రాంటు ఇస్తోంది.

బడుల్లోనూ తేడాలున్నాయి. వేల్స్‌లో పదహారేళ్ల దాకా వెల్ష్ భాష తప్పనిసరి. బడులకు ర్యాంకులిచ్చే పట్టికలను 2001లోనే ఆపేశారు. అయితే పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాల మధ్య పోల్చే అంతర్జాతీయ పీసా పరీక్షల్లో నాలుగింటిలో వేల్స్‌దే చివరి స్థానం. ఉత్తర ఐర్లండ్‌లో పదకొండేళ్లకు పెట్టే ప్రభుత్వ ఎంపిక పరీక్ష 2008తో ముగిసినా, పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే గ్రామర్ స్కూళ్లు సొంతంగా పరీక్షలు పెట్టుకున్నాయి. అక్కడ ఇప్పటికీ ఎక్కువమంది కాథలిక్ పిల్లలు ఒక బడిలో, ప్రొటెస్టెంట్ పిల్లలు ఇంకో బడిలో చదువుతున్నారు. ఇద్దరినీ కలిపి చదివించే మొదటి బడి, లేగన్ కాలేజీ, 1981లో తల్లిదండ్రుల చొరవతోనే మొదలైంది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా చదువుకోవడానికి వెళ్లేవారికి ఈ రాయితీలు వర్తించవు. నాలుగు చోట్లా విదేశీ విద్యార్థుల ఫీజే కట్టాలి. అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం పిల్లలు కాలేజీకొచ్చే నాటికి ఇల్లు మాంచెస్టర్‌లో ఉందా, గ్లాస్గోలో ఉందా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది.