హిట్లర్ కోసిన కోతలు, హార్ట్‌ఫీల్డ్ కోసిన ఫొటోలు

[తెర మీద: జర్మన్ కార్మికుల సచిత్ర వారపత్రిక ఏఐజెడ్ ముఖచిత్రం, 1932 అక్టోబర్ 16]

హిట్లర్ సెల్యూట్ చేస్తున్నాడు. మోచెయ్యి మడిచాడు, అరచెయ్యి వెనక్కి వాలింది. వెనక ఉన్న భారీకాయుడు ఆ చేతిలో నోట్లు పెడుతున్నాడు. వాడి సూటు కనిపిస్తుంది, మొహం కనిపించదు. వాడి ముందు హిట్లర్ పిల్లాడిలా ఉన్నాడు.

పక్కన హిట్లర్ నినాదం: "నా వెనక మిలియన్లు!" తెలుగులో ఈ ఎత్తు పారదు. మనుషులైతే "ఉన్నారు" అనాలి, డబ్బయితే "ఉన్నాయి" అనాలి. క్రియే గుట్టు విప్పేస్తుంది. జర్మన్‌లో రెంటికీ ఒకటే క్రియ. నినాదం నినాదంలాగే ఉంది, అర్థం మాత్రం బొమ్మ మార్చేసింది.

[తెర మీద: జాన్ హార్ట్‌ఫీల్డ్]

ఫొటోలు కత్తిరించి, అంటించి ఆ ముఖచిత్రం చేసిన జర్మన్ కళాకారుడు ఈయనే. అసలు పేరు హెల్ముట్ హెర్ట్స్‌ఫెల్ట్. 1891లో బెర్లిన్‌లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో "దేవుడు ఇంగ్లండును శిక్షించుగాక" అంటూ జర్మనీ ఊగిపోతుంటే, పంతానికి ఇంగ్లిష్ పేరు పెట్టుకున్నారు.

[తెర మీద: కత్తెర, జిగురు, ఫొటో ముక్కలు]

కెమెరా మామూలుగా ఆయన పట్టరు. పత్రికల ఫొటోల్లో వెతుకుతారు. దొరక్కపోతే ఫొటోగ్రాఫర్‌తో కావలసిన భంగిమలో తీయిస్తారు. ప్రింట్లను సరైన సైజుకు పెంచి, కత్తిరించి, అట్ట మీద అంటిస్తారు. గొడవంతా అక్కడే. ఒక ముక్కలో వెలుగు ఎడమ నుంచి, ఇంకోదాంట్లో కుడి నుంచి పడితే తల ఎవరిదో, మొండెం ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. చిన్న ఫొటోను మరీ పెంచితే గరుకుగా తేలుతుంది. కోసిన అంచు దగ్గర సన్నటి గీత కనిపిస్తుంది. అందుకే అంచుల మీద రంగు వేసి కలిపేసి, మొత్తాన్ని మళ్లీ ఫొటో తీయిస్తారు. ప్రెస్సుకు వెళ్లేది ఆ ఫొటోయే.

పత్రిక అచ్చు గ్రేవ్యూర్ పద్ధతి: రాగి సిలిండర్ మీద సన్న గుంటలు, వాటిలో సిరా. ఆ మెత్తటి గోధుమ రంగు ఛాయల్లో మిగిలిన అతుకులు కూడా కలిసిపోతాయి. ఆయనతో పాటు డాడా అనే తిరుగుబాటు కళా ఉద్యమంలో తిరిగిన వాళ్లు చాలామంది అతుకులు కనపడనిచ్చారు. ఈయన బొమ్మ మాత్రం ముందు వార్తా ఫొటోలా నమ్మించాలి, నవ్వు ఆ తర్వాత రావాలి.

[తెర మీద: "హుర్రే, వెన్న అయిపోయింది!", 1935 డిసెంబర్]

ఇనుము దేశాన్ని బలపరుస్తుందనీ, వెన్నా కొవ్వూ జనాన్ని లావెక్కిస్తాయంతే అనీ హిట్లర్ మంత్రి గోరింగ్ హాంబుర్గ్‌లో అన్నాడు. సరే తినండంటూ హార్ట్‌ఫీల్డ్ భోజనాల బల్ల వేశారు. ఇంటిల్లిపాదీ ఇనుమే తింటున్నారు. పసివాడు గొడ్డలి కొరుకుతున్నాడు. కింద కుక్క బోల్టు నాకుతోంది. గోడకాగితం నిండా స్వస్తికలు. గోరింగ్ మాటలు కిందే అచ్చు వేశారు. అవి లేకపోతే ఇది ఉత్త వింత బొమ్మే!

[తెర మీద: ప్రాగ్, 1934]

1933 ఏప్రిల్‌లో నాజీలు ఇంటికొస్తే బాల్కనీ నుంచి దూకి తప్పించుకుని, పొరుగు దేశం చెకోస్లొవేకియాలోని ప్రాగ్ చేరారు. మరుసటి ఏడాది అక్కడి ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెడితే జర్మన్ రాయబారి అభ్యంతరం చెప్పాడు. కొన్నిటిని దించేశారు. హార్ట్‌ఫీల్డ్ దాని మీదా ఒక బొమ్మ చేశారు: ప్రదర్శన గోడ, బొమ్మ తీసేసిన చోట ఖాళీ, ఆ ఖాళీలోంచి కనిపించే జైలు.