బ్రెగ్జిట్ వాదనలపై రివ్యూ: ఎవరి మాట ఎంతవరకు నిలిచింది?

ప్రేక్షకులందరికీ నమస్కారం. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా (ఆ బయటికి రావడాన్నే బ్రెగ్జిట్ అంటారు) అని 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు ఓటు వేయడానికి ముందు ఇరుపక్షాలూ చెప్పిన మాటలను, ఆ తర్వాత జరిగినదానితో సరిచూడడమే ఈ రివ్యూ ఉద్దేశం. ఆ రోజు 51.9 శాతం మంది వైదొలగాలని, 48.1 శాతం మంది కొనసాగాలని తీర్పిచ్చారు. 1973 నుంచి ఉన్న సభ్యత్వం 2020 జనవరి 31న ముగిసింది. ఒకే నిబంధనలతో యూరప్‌ను ఒకే విపణిగా చేసే సింగిల్ మార్కెట్, లోపల సుంకాలు లేకుండా బయటి సరుకుపై అందరూ ఒకే సుంకం వేసే కస్టమ్స్ యూనియన్ నిబంధనలు మాత్రం ఆ ఏడాది డిసెంబరు 31 దాకా అమల్లోనే ఉన్నాయి. అందువల్ల సరుకుల వ్యాపారంపై పడిన ప్రభావాన్ని 2021 జనవరి నుంచి లెక్క చూడాలి. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే చాలా చర్చలు మొదట్లోనే దారి తప్పుతున్నాయి.

ముందుగా కొనసాగాలన్న పక్షం మాటలు చూద్దాం. 2016 మే నెలలో బ్రిటన్ ఆర్థిక శాఖ విడుదల చేసిన నివేదిక, వైదొలగాలని ఓటు పడితే వెంటనే మాంద్యం వస్తుందని, రెండేళ్లలో నిరుద్యోగుల సంఖ్య దాదాపు 5 లక్షలు పెరుగుతుందని హెచ్చరించింది. అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ మరో అడుగు ముందుకు వేసి, పన్నులు పెంచి ఖర్చులకు కోత పెట్టే అత్యవసర బడ్జెట్ తప్పదన్నారు. ఫలితం తేలిన రాత్రి పౌండ్ విలువ సుమారు 30 ఏళ్ల కనిష్ఠానికి పడిపోయిన మాట, ఆ తర్వాత దిగుమతి సరుకుల ధరలు పెరిగిన మాట వాస్తవమే. కానీ మాంద్యం రాలేదు, ఉద్యోగాలు పెరిగాయి, ఆ బడ్జెట్ ఊసే లేకుండా పోయింది. నా దృష్టిలో ఆ పక్షం చేసిన పెద్ద తప్పు ఇదే. దీర్ఘకాలంలో దేశ ఆదాయం మెల్లగా తగ్గుతుందన్న హెచ్చరికను అదే శాఖ అంతకు నెల ముందు చేసింది, ఆ వాదనలో బలం ఉంది. అయితే రేపే ముప్పు ముంచుకొస్తుందన్న మాట తేలిపోయేసరికి, నాన్నా పులి కథలో లాగా, ఎన్నాళ్లకో రాబోయే నిజమైన నష్టం గురించి చెప్పినా వినేవారు తగ్గిపోయారు.

ఆ నష్టం నిజంగానే వచ్చింది, కాకపోతే కాగితాల రూపంలో వచ్చింది. 2020 డిసెంబరు 24న కుదిరిన వాణిజ్య సహకార ఒప్పందం ప్రకారం ఇరువైపులా సరుకులపై సుంకాలు లేవు, పరిమాణంపై పరిమితులూ లేవు. పైకి చూస్తే ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది. అయితే సుంకం లేకుండా సరుకు పంపాలంటే ఆ సరుకు ఎక్కడ తయారైందో, అందులోని భాగాలు ఏ దేశానివో పత్రాలు చూపాలి; కస్టమ్స్ డిక్లరేషన్ నింపాలి; మాంసం, చేపలు, పాల ఉత్పత్తులైతే అధికారిక పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం జత చేయాలి. పెద్ద కంపెనీ ఇందుకోసం ప్రత్యేకంగా ఒక విభాగాన్నే పెట్టుకోగలదు. వారానికి నాలుగు పెట్టెలు పంపే చిన్న వ్యాపారికి ఆ ఖర్చే లాభాన్ని తినేస్తుంది కాబట్టి, అలాంటివారు వేల సంఖ్యలో యూరప్‌కు అమ్మడమే మానుకున్నారు.

వేల్స్‌లోని మెనాయ్ జలసంధిలో పెంచే ఆల్చిప్పల సంగతి ఒక్కటి దగ్గరగా చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అక్కడి నీరు యూరప్ వర్గీకరణలో 'బి' తరగతికి చెందినది. బ్రిటన్ సభ్యదేశంగా ఉన్నప్పుడు ఆ ఆల్చిప్పలను ప్రాణంతోనే ఫ్రాన్స్‌కో, నెదర్లాండ్స్‌కో పంపితే, అక్కడివారు శుభ్రమైన నీటిలో ఉంచి శుద్ధి చేసి అమ్ముకునేవారు. బయటి దేశాలు మాత్రం శుద్ధి చేశాకే పంపాలన్నది యూనియన్‌లో ముందు నుంచీ ఉన్న నియమం. 2021 జనవరి 1న బ్రిటన్ కూడా బయటి దేశమైంది, ఆ వ్యాపారం ఆగిపోయింది. ఎవరూ కక్షగట్టి కొత్త నియమం తేలేదు. ఉన్న నియమానికి ఇవతలివైపు నిలబడడం అంటే ఏమిటో ఆ రైతులకు అప్పుడు తెలిసింది.

మొత్తం మీద నష్టం ఎంత? ప్రభుత్వ లెక్కలను స్వతంత్రంగా పరిశీలించే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అంచనా ప్రకారం, యూనియన్‌లోనే కొనసాగి ఉంటే ఉండాల్సిన దానితో పోలిస్తే దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత 4 శాతం, ఎగుమతి దిగుమతులు 15 శాతం మేర తగ్గుతాయి. మధ్యలో కోవిడ్, ఉక్రెయిన్ యుద్ధం వచ్చాయి కాబట్టి ఏ నష్టం దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టమన్న వాదనను కొట్టిపారేయలేం. సేవల ఎగుమతులు అనుకున్నదానికంటే బాగా నిలదొక్కుకున్నాయన్నదీ నిజమే. అయినా ఆ అంచనా దిశ తప్పని చూపే గట్టి ఆధారం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇక వైదొలగాలన్న పక్షం. వారానికి 35 కోట్ల పౌండ్లు యూనియన్‌కు పంపుతున్నామని, ఆ డబ్బును ఆసుపత్రులకు మళ్లిద్దామని బస్సు మీద రాసి దేశమంతా తిప్పారు. బ్రిటన్‌కు దక్కే రాయితీని అందులో మినహాయించలేదు కాబట్టి ఆ సంఖ్య తప్పుదారి పట్టిస్తోందని గణాంకాల ప్రాధికార సంస్థ అప్పుడే చెప్పింది, అయినా బస్సు ఆగలేదు. ప్రపంచ దేశాలతో సొంత ఒప్పందాలు చేసుకుంటామన్న మాట మాత్రం నిలిచింది. 2024 డిసెంబరులో బ్రిటన్ పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమిలో చేరింది, 2025 జులై 24న భారత్‌తో ఒప్పందంపై సంతకం చేసింది. అయితే భారత్ ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో ఏటా 480 కోట్ల పౌండ్ల మేలు జరుగుతుందని బ్రిటన్ ప్రభుత్వమే లెక్కకట్టింది. అది జీడీపీలో 0.2 శాతం కూడా కాదు. ఎదురుగా 4 శాతం నష్టం ఉన్నప్పుడు ఇలాంటి ఒప్పందాలు ఎన్ని చేసుకుంటే ఆ గుంత పూడుతుందో ఆ పక్షం నాయకులు ఓటర్లకు చెప్పి ఉండాల్సింది.

ఈ లెక్కలన్నీ ఒప్పుకుంటూనే, డబ్బు ఒక్కటే కొలమానం కాదని, తమ చట్టాలు తమ పార్లమెంటులోనే తయారవ్వాలని కోరుకున్న ఓటరును నేను తెలివితక్కువవాడిగా చూడను. 2025లో ట్రంప్ సుంకాలు వేసినప్పుడు బ్రిటన్‌కు ప్రాథమిక రేటు 10 శాతం పడితే యూరోపియన్ యూనియన్‌కు 15 శాతం పడింది. విడిగా ఉండడం వల్ల కలిగిన లాభానికి అది ఒక ఉదాహరణ. నా అభ్యంతరం వేరే ఉంది. బ్యాలెట్ పత్రం వైదొలగాలా అని మాత్రమే అడిగింది, వైదొలగి ఎక్కడికి వెళ్లాలో అడగలేదు. నార్వేలాగా సింగిల్ మార్కెట్‌లో ఉండడమా, కస్టమ్స్ యూనియన్‌లో ఉండడమా, అన్నీ తెంచుకోవడమా అన్న ప్రశ్న ఓటు పడ్డాక పార్లమెంటు నెత్తిన పడింది. అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన వైదొలగే ఒప్పందం 2019 జనవరిలో 230 ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ ఏప్రిల్ 1న కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన 273 – 276తో, అంటే కేవలం 3 ఓట్ల తేడాతో ఓడిపోయింది. దేశ వాణిజ్య భవిష్యత్తు ప్రజలను అడగకుండానే ఆ మూడు ఓట్ల దగ్గర తేలిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ నిర్ణయం భారమంతా ఉత్తర ఐర్లాండ్ మోసింది. అది బ్రిటన్‌లో భాగం, అదే ద్వీపంలో పక్కనున్న ఐర్లాండ్ దేశం మాత్రం యూరోపియన్ యూనియన్ సభ్యదేశం. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఐర్లాండ్ ద్వీపంలో సరిహద్దు తనిఖీలు పెట్టడం ఎవరికీ సమ్మతం కాదు కాబట్టి, తనిఖీలు బ్రిటన్ ప్రధాన భూభాగానికీ ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్య ఉన్న సముద్రం మీదికి మారాయి. ఇంగ్లండ్ నుంచి బెల్‌ఫాస్ట్ దుకాణానికి సాసేజీలు (మాంసంతో చేసే తినుబండారం) పంపడం 2021లో బ్రిటన్, యూరోపియన్ యూనియన్‌ల మధ్య పెద్ద వివాదమైంది. డీయూపీ అనే యూనియనిస్టు పార్టీ, అంటే ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలనే పార్టీ, దీన్ని నిరసిస్తూ 2022 ఫిబ్రవరిలో అక్కడి ఉమ్మడి ప్రభుత్వం నుంచి బయటికి రావడంతో, రెండేళ్లపాటు అక్కడ స్థానిక ప్రభుత్వమే నడవలేదు. 2023లో కుదిరిన విండ్సర్ ఒప్పందం అక్కడే అమ్ముడయ్యే సరుకుకు తనిఖీలు తగ్గించింది కానీ, పూర్తిగా తీసివేయలేదు.

వలసల విషయంలో జరిగింది ఇంకో రకం. యూరప్ నుంచి స్వేచ్ఛగా వచ్చే హక్కు రద్దయింది, కానీ ఇతర దేశాల నుంచి వచ్చేవారు ఎంతగా పెరిగారంటే 2023 నాటికి ఏడాది నికర వలస (వచ్చినవారిలోంచి వెళ్లినవారిని తీసేస్తే మిగిలేది) 9 లక్షలు దాటింది. 2021లో చదువు తర్వాత రెండేళ్లు పని చేసుకునే వీసా రావడంతో వెళ్లిన మన హైదరాబాద్, విజయవాడ విద్యార్థులు కూడా ఆ సంఖ్యలో ఉన్నారు. వలసలు తగ్గుతాయన్న ఆశతో ఓటు వేసిన వారి కోపం ఇప్పుడు ఈ విద్యార్థుల వైపు మళ్లుతుండడం నన్ను నిజంగా కలవరపెడుతోంది.

2025 మే 19న బ్రిటన్, యూరోపియన్ యూనియన్ మళ్లీ దగ్గరవుతూ ఒక అవగాహనకు వచ్చాయి. ఆహార తనిఖీలు తగ్గించుకోవడానికి బ్రిటన్ యూరప్ ఆహార నిబంధనలను, అవి మారినప్పుడల్లా మార్చుకుంటూ పాటిస్తుంది, వాటి తయారీలో మాత్రం ఓటు ఉండదు. ఇది సార్వభౌమత్వాన్ని వదులుకోవడమే అన్న విమర్శ సరైనదే. ఆల్చిప్పల రైతుకు అది అవసరమన్నదీ అంతే సరైనది. కస్టమ్స్ యూనియన్‌లోనూ చేరాలని అక్కడ కొందరు గట్టిగా అడుగుతున్నారు. చేరితే బ్రిటన్ సొంతంగా సుంకాలు నిర్ణయించలేదు, అంటే రొయ్యలపై సుంకం ఎత్తివేస్తామని భారత్‌కు ఇచ్చిన మాట ఉన్నది ఉన్నట్టు నిలవదు. లండన్‌లో జరిగే ఆ చర్చలో మన భీమవరం చెరువుల రైతులకూ వాటా ఉంది కాబట్టి, దాన్ని మనం కూడా శ్రద్ధగా గమనించాలని కోరుతున్నాను.