నలభై రూపాయల గ్లాసు, స్నానాల పీట: హనోయ్ గల్లీల బియా హోయ్ రివ్యూ

ముందుగాల ఈ గ్లాసు చూడున్రి. కెమెరాకు దగ్గర పెడుతున్న. రంగు చూసిన్రా? తెల్లగ లేదు, పచ్చగ లేదు, వానాకాలం చెరువు నీళ్ల లెక్క ఉంది. లోపట చిన్న చిన్న బుడగలు కనబడుతున్నయి కదా, అవి బీరు బుడగలు కావు. గాజులనే ఇరుక్కున్నయి. అడుగు ఒక దిక్కు మందం, ఇంకో దిక్కు పల్చన. బల్ల మీద పెడితే జర ఊగుతది. మన దగ్గర హోటల్ల ఇసుంటి గ్లాసు పెడితే "ఏందిరా ఇది, వేరేది తే" అంటం. ఇక్కడ మాత్రం ఇదే అసలు సరుకు.

నమస్తే అన్నలూ, అక్కలూ. ఇప్పుడు నేను వియత్నాం రాజధాని హనోయ్ల ఉన్న. ఇయ్యాల గుళ్లు లేవు, క్రూజ్ లేదు, రైల్ స్ట్రీట్ అసలే లేదు. ఒక గల్లీల చిన్న బీరు అడ్డా రివ్యూ. మందు ఒంటికి మంచిది కాదు, ఆ ముచ్చట మీకూ ఎరుకే, నాకూ ఎరుకే. తాగనోళ్లకు గూడ ఇక్కడ పని ఉంది, చివరిదాంక చూడున్రి.

దీన్ని బియా హోయ్ అంటరు. బియా అంటే బీరు. హోయ్ అంటే ఆవిరి, గ్యాస్ అన్నట్టు. పొద్దుగాల ఫ్యాక్టరీ నుంచి పీపాలు వస్తయి, ఆ దినమే అమ్ముడుపోవాలె. సీసా బీరు లెక్క వేడి చేసి నిలువ ఉండేటట్టు చెయ్యరు. అందుకే రేపటికి పనికిరాదు. ఘాటు గూడ తక్కువే, మూడు నాలుగు శాతం మధ్యల ఉంటది.

ఈ అడ్డా పేరు చెప్పమని కామెంట్ల అడుగుతరు, నాకు తెలుసు. పేరు లేదన్నా! పసుపు రేకు మీద ఎర్ర అక్షరాలతోని బియా హోయ్ అని రాసి ఉంది, పక్కకు ఇంటి నంబరు ఉంది, అంతే. ఏరియా చెప్తా. 2025 దాంక బా దిన్ జిల్లా అనేటోళ్లు, దాంట్ల న్గోక్ హా అనే దిక్కు. ఇక్కడ ఇండ్ల నడుమ ఒక చిన్న కుంట ఉంటది, హువు తియెప్ చెరువు. 1972 డిసెంబర్ల అమెరికా వాళ్లు హనోయ్ మీద బాంబులు వేసినప్పుడు, 27వ తారీఖు రాత్రి కూలగొట్టిన బి-52 విమానం ముక్క ఇప్పటికీ ఆ నీళ్లల్లనే ఉంది. చుట్టూ ఇండ్లు, బాల్కనీలల్ల బట్టలు ఆరేసుకుంటరు, నడుమల విమానం. నేను దాన్ని చూసి, పక్క గల్లీల నడుస్తుంటే దూపైంది. అట్ల దొరికింది ఈ అడ్డా.

ఇంకో ముచ్చట. ఈ చెరువు పక్కపొంటి పోయే పెద్ద రోడ్డు పేరు హోవాంగ్ హోవా థామ్. ఆ రోడ్డు మీదనే హనోయ్ పాత బీరు ఫ్యాక్టరీ ఉంది. 1890ల హొమ్మెల్ అనే ఫ్రెంచాయన పెట్టిండు. ఫ్రెంచోళ్లు పోయినంక 1957ల సర్కారు దాన్ని మళ్ల లేపి హనోయ్ బీరు ఫ్యాక్టరీ అని పేరు పెట్టింది. ఇప్పటి హబెకో కంపెనీ అదే. అంటే మనం తాటిచెట్టు కిందనే కూసున్నట్టు లెక్క.

కూసునే ముచ్చట చెప్పాలె. కుర్చీ లేదు. ఇగో, ప్లాస్టిక్ పీట. మన బాత్రూంల స్నానానికి వేసుకునే పీట ఉంటది కదా, అదే సైజు, రంగే నీలం. నేను ఆరడుగులోన్ని. కూసుంటే మోకాళ్లు చెవులకు తాకుతున్నయి. మొదటి పది నిమిషాలు నడుము గుంజింది. తర్వాత చూస్తే పక్కపొంటి డెబ్బై ఏండ్ల తాత ఒకాయన అదే పీట మీద కాలు మీద కాలేసుకోని కూసున్నడు, ఇగ నేనేం మాట్లాడుతా. మోకాళ్ల నొప్పులున్నోళ్లు రెండు పీటలు ఒకదాని మీద ఒకటి వేసుకోని కూసోవచ్చు. ఎవ్వలూ ఏమనరు.

పీపా దగ్గర ఒక పెద్దమ్మ ఉంటది. స్టీలు పీపా, దానికి ఒక పైపు. పది గ్లాసులు ఒక వరుసల పెట్టి, పైపు ఎత్తకుండ ఒకదాని మీంచి ఒకటి నింపుకుంట పోతది. నురుగు పొంగి కింద పళ్లెంల పడుతది. ఆమె గ్లాసుల దిక్కు చూడనే చూడది, టీవీ దిక్కు చూస్తది. ఒక్క చుక్క బయట పడలేదు, నేను నిలబడి చూసిన.

ఇప్పుడు రుచి. నిజం చెప్తా, లైకుల కోసం ఎక్కువ చెప్ప. మీరు హైదరాబాద్ల స్ట్రాంగ్ బీరుకు అలవాటు పడ్డోళ్లైతే మొదటి గుటకకే "నీళ్లు కలిపిన్రా ఏంది" అంటరు. పల్చగ ఉంటది, చేదు తక్కువ, జర గడ్డి వాసన వస్తది. బీరు లెక్కన మార్కులెయ్యమంటే పదికి ఐదు. కానీ దీన్ని బీరుతోని పోల్చుడే తప్పు. మాది నల్లగొండ దిక్కు ఊరు. మా తాత నన్ను చిన్నప్పుడు మండువకు తోలుకపోయేటోడు. తాగనియ్యకపోయేది, కానీ కూసోబెట్టేటోడు. పొద్దటి కల్లు తియ్యగ, పొద్దుమీకంగ పుల్లగ. రేపటికి దాచుడన్న మాటే లేదు. లొట్టి ఖాళీ అయితే గౌడ్ అన్న లుంగీ దులుపుకోని ఇంటికి పోతడు, మనం గూడ పోతం. బియా హోయ్ గూడ అంతే. పీపా దించినంక గడియారం మొదలైతది. అందుకే ధర తక్కువ, అందుకే అందరూ పొద్దుమీకనే వస్తరు, అందుకే ఎవ్వలూ ఒక్క గ్లాసు పట్టుకోని మూడు గంటలు కూసోరు. తాటాకు రేకల పోసిచ్చిన కల్లును ఎట్ల చూస్తమో, దీన్ని అట్ల చూడాలె. అట్ల చూస్తే పదికి తొమ్మిది.

ఆ ఒక్క మార్కు ఎందుకు కోసిన్నంటే, ఐసు. అడగకపోతే కొందరు గ్లాసుల ఐసు గడ్డ వేస్తరు. ఎండాకాలం ఇక్కడ ఉక్కపోత మామూలుగ ఉండది, వాళ్ల బాధ వాళ్లది. కానీ ముందే పల్చటి బీరు, దాంట్ల ఐసు కరిగితే ఇగ ఏముంటది? వద్దని చేతితోని సైగ చెయ్యున్రి.

గ్లాసు ముచ్చట మధ్యల వదిలేసిన. ఈ గ్లాసు డిజైన్ చేసింది లే హుయ్ వాన్ అనే ఆర్టిస్టు, 1970లల్ల. అప్పుడు వియత్నాంల అన్నీ కూపన్ల మీదనే. బియ్యం కూపను, బట్ట కూపను. మన రేషన్ షాపు లైన్లు యాది చేసుకోన్రి. ఆ కాలంల చేతికొచ్చిన పాత గాజు కరిగించి, నోటితోని ఊది, ఈ గ్లాసులు చేసేటోళ్లు. అందుకే బుడగలు, అందుకే ఆ చెరువు రంగు. 1986ల సర్కారు దారి మార్చింది, మార్కెట్లు తెరిచింది, కూపన్లు పోయినయి. గ్లాసు మాత్రం పోలే. నామ్ దిన్ దిక్కు ఒక ఊర్ల ఇప్పటికీ చేత్తోనే చేస్తరు. తెల్లటి మిషిన్ గ్లాసుల పోస్తే హనోయోళ్లకు అది బియా హోయ్ లెక్కనే అనిపియ్యదంట. నేను ఈ గ్లాసు ఒకటి కొనుక్కుంట అని పెద్దమ్మను సైగలతోని అడిగిన. నవ్వి, ఇంకో గ్లాసు బీరు పోసిచ్చింది!

స్టఫ్ ముచ్చటకు వద్దాం. మొదటిది చూస్తే మీరు నమ్మరు. ఉడకబెట్టిన పల్లికాయ! లాక్ లువోక్ అంటరు. అచ్చం మన దగ్గర తోపుడు బండి మీద పొగలొచ్చే పల్లికాయనే. ఒలుచుకుంట పొట్టు కింద పడేస్తరు. టిష్యూలు గూడ కిందనే. మొదట్ల నాకు చెయ్యి రాలేదు, పొట్టంత జేబుల పెట్టుకున్న. పక్కాయన చూసి పడిపడి నవ్విండు. రాత్రి కట్టేసేటప్పుడు పెద్ద చీపురుతోని ఒక్కసారే ఊడ్చేస్తరు. కింద ఎంత పొట్టుంటే అంత గిరాకి ఉన్నట్టు, అట్ల గుర్తు పట్టొచ్చు.

రెండోది జావ్ మువోంగ్. ఇది మన తూటికూర. మన దగ్గర చెరువు గట్లకు ఊరికే పెరుగుతది, తినేటోళ్లు తక్కువ. ఇక్కడ వెల్లుల్లి దంచేసి, పెద్ద మంట మీద ఒక్క నిమిషం తిప్పి తెస్తరు. కాడలు పటపటమంటయి. నా లెక్కన ఈ అడ్డాల బీరు కన్న ఇదే గొప్ప. శాకాహారులు ఒక్క ముచ్చట చూసుకోవాలె, చేపల సాసు కలుపుతరు. ఆన్ చాయ్ అని చెప్తే మాంసం చేపలు తినరని అర్థం చేసుకుంటరు, అయినా వంట దగ్గరికి పోయి ఒకసారి సీసా చూపిచ్చి వద్దనుడు మంచిది. మూడోది పైపైన వేపిన సోయా పన్నీరు. పైన కరకర, లోపట మెత్తగ. కారం చాలది. నా బ్యాగుల ఎప్పుడూ ఒక కారప్పొడి డబ్బీ ఉంటది, తీసిన. పక్క టేబుల్ వాళ్లు గూడ అడిగి వేసుకున్నరు. డబ్బీ సగమైంది.

పిలుసుడు ఎట్లనో చెప్తా, ఇది మస్తు ఇష్టమైంది నాకు. వెయిటర్, ఎక్స్‌క్యూజ్‌మీ, ఇవేం ఉండయి. చి ఓయ్ అంటే అక్కా. ఆన్ ఓయ్ అంటే అన్నా. ఎమ్ ఓయ్ అంటే తమ్ముడూ, చెల్లే. మనం "అన్నా, ఇంకో చాయ్" అంటం కదా, పూర్తిగ అదే లెక్క. వరస కలపకుండ మాటే మొదలుగాదు. మన దగ్గర ఓయ్ అంటే కొట్లాట మొదలైతది, ఇక్కడ ఓయ్ అంటే ప్రేమ. నేను పెద్దమ్మను చి ఓయ్ అన్న. అంటే అక్కా అన్నట్టు. ఆమె మొఖం వెలిగిపోయింది. పిన్ని వరస పిలవాల్సింది, వయసు తగ్గించిన్నని మా పక్క టేబులాయన చెప్పిండు. ఆ తర్వాత నాకు పల్లికాయ జర ఎక్కువొచ్చింది.

ఆ పక్క టేబుల్ వాళ్లు నన్ను వదలలే. నలుగురు, ఏదో ఆఫీసు నుంచి వచ్చినట్టున్నరు. "మోత్, హాయ్, బా, జో!" అంటే ఒకటి, రెండు, మూడు, కొట్టు అన్నట్టు. గ్లాసు ఖాళీ చేసినంక ఒకరికొకరు షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటరు. ప్రతి గ్లాసుకు! ఏదో ఒప్పందం మీద సంతకం పెట్టినట్టు. వాళ్లకు ఇంగ్లీషు రాదు, నాకు వియత్నామీస్ రాదు, ఫోన్ల ట్రాన్స్‌లేటర్ పెట్టుకున్నం. అది నా ఊరు పేరును ఏమని తర్జుమా చేసిందో తెల్వదు గని నలుగురూ లేచి మళ్ల షేక్‌హ్యాండ్ ఇచ్చిన్రు.

ఒక హెచ్చరిక. బల్ల కింద వెదురు బొంగు ఒకటి ఉంటది, గుడగుడ లెక్క. దాంట్ల నాటు పొగాకు తాగుతరు. తాత ఇచ్చిండు, కాదంటే ఏమనుకుంటడో అని ఒక్క దమ్ము గుంజిన. మా నాయనమ్మ చుట్ట దీని ముందల అగరొత్తి. రెండు నిమిషాలు పీట మీద నేనున్ననా, పీట నా మీద ఉందా తెల్వలే. వద్దు.

బండి కిరాయికి తీసుకున్నోళ్లు ఇనున్రి. 2020 జనవరి 1 నుంచి ఇక్కడ చట్టం గట్టిగ ఉంది. మన దగ్గర లెక్క ఇంతవరకు పర్వాలేదు అన్న గీతలు లేవు. ఊదితే సున్నా రావాలె, స్కూటరైనా సరే. ఒక్క గ్లాసైనా జరిమానానే. అందుకే అందరూ నడిచొస్తరు, లేకపోతే ఫోన్ యాప్‌ల గ్రాబ్ కిరాయి బండి పిలుచుకుంటరు. తాగనోళ్లకు ఐస్ చాయ్ ఉంటది, చా దా అంటరు, పాలు చక్కెర ఏముండయి. అది పట్టుకోని గూడ ఎంతసేపన్న కూసోవచ్చు, వీడియో తీసిన దినం మా తమ్ముడు అదే తాగిండు.

ఇగ పైసల్. ఇక్కడ గ్లాసు 12,000 డాంగ్. భయపడకున్రి, మన నలభై రూపాయలు. హనోయ్ పాత బస్తీల, తా హియెన్ గల్లీ దిక్కు, మొదటి దినం ఒక దుకాణపోడు చెయ్యి పట్టి గుంజి కూసోబెట్టిండు. బోర్డు మీద బియా హోయ్ అని ఉంది, లోపట సీసా బీరు పోసిచ్చి మూడింతలు తీసుకున్నడు. నేను గుర్తు పట్టలే, తప్పు నాది గూడ. ఇప్పుడు తెలిసింది: పీపా కండ్ల ముంగట లేకపోతే కూసోవద్దు. ఇంకోటి, బల్ల మీద ప్యాకెట్ల తడి టవల్ ఉంటది. చింపితే బిల్లుల పడుతది.

ఇక్కడ నా పైసల కథ గూడ చెప్పాలె. నోట్లన్నిటి మీద వియత్నాం పెద్ద నాయకుడు హో చి మిన్ బొమ్మనే. 20,000 నోటు నీలం, 5,00,000 నోటు గూడ నీలం లెక్కనే. చీకట్ల, రెండు గ్లాసులైనంక, ఎవ్వలికి తెలుస్తది? చివరి చిల్లర ఇచ్చి లేచిన. గల్లీ మలుపు దాంక పోయిన. ఎనకనుంచి "ఎమ్ ఓయ్! ఎమ్ ఓయ్!" అని కేక. పెద్దమ్మ, చెప్పులు టపటపలాడించుకుంట ఉరికొస్తుంది. చేతిల నా ఐదు లక్షల నోటు. మన పదహారు వందల పైన. నా చేతిల పెట్టి, నా పర్సుల నుంచి తనే 20,000 నోటు తీసుకోని, రెండు నోట్లు నా మొఖం ముందల పట్టి, చిన్న పోరన్ని కోప్పడ్డట్టు ఏదో అన్నది. అర్థం కాలే, కానీ మా అమ్మ గొంతు గూడ అట్లనే ఉంటది.

ఎప్పుడు పోవాలె అంటే సాయంత్రం ఐదుకు పోన్రి. నేను నిన్న మళ్ల పోయిన, ఎనిమిదిన్నరకు. పీటలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నయి. పెద్దమ్మ పీపాను కాలితోని జర వంచి చూపిచ్చింది, ఖాళీ. "హెత్ బియా" అన్నది. అయిపోయింది అని. చీపురు పట్టుకున్న పోరడు పల్లికాయ పొట్టు ఊడుస్తున్నడు, నేను కాళ్లు పైకెత్తి ఐస్ చాయ్ తాగి వచ్చిన.