గోదావరి అరుగు మీద పాడ్‌కాస్ట్: మైకు కొనేముందు తేల్చుకోవాల్సినవి

[తెరపై: పెంకుటింటి అరుగు. నవారు మంచం మీద ఒక పెద్దాయన, ఎదురుగా కుర్చీలో ఒక అమ్మాయి. ఇద్దరి దగ్గరా చెరొక మైకు, పక్కన స్టూలు మీద అరచేతిలో పట్టే రికార్డర్.]

నమస్కారం. పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునేవారు అందరికన్నా ముందు అడిగే ప్రశ్న, ఏ మైకు కొనాలి అని. జవాబు చెబుతాను. అంతకన్నా ముందు మూడు విషయాలు తేల్చుకోండి. ఎవరితో మాట్లాడబోతున్నారు? ఎక్కడ కూర్చుని మాట్లాడతారు? ఆ సమయంలో చుట్టుపక్కల ఏమేమి మోగుతుంటాయి? ఇవి తేలిపోతే మైకు ఎంపిక చాలావరకు అయిపోయినట్టే.

ఈ వీడియో గోదావరి డెల్టాలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని చేస్తున్నాను. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తుపానును కళ్లారా చూసినవారు మన ఇళ్లలోనే ఉన్నారు. పడవ నడిపిన సరంగులు, కాలువ లాకుల దగ్గర పనిచేసినవారు, నరసాపురం వైపు ఏళ్ల తరబడి లేసు అల్లిన మహిళలు ఉన్నారు. వాళ్ల మాట రికార్డు కావాలన్నది నా బలమైన కోరిక. వాళ్లను పట్నంలో ఏసీ గదికి తీసుకెళ్లి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి కూర్చోబెడితే నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటారు. సొంత అరుగు మీదైతే పొద్దువాలేదాకా చెబుతారు. కాబట్టి మన సామాను భుజాన వేసుకునే ఒక సంచిలో పట్టాలి, కరెంటు పోయినా పనిచేయాలి. ఎంపిక మొత్తం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

[తెరపై: ఆక్వా చెరువులో తిరుగుతున్న ఏరియేటర్లు. ధ్వని: వాటి హోరు. తరువాత వాన వెలిసిన పొలంలో కప్పల బెకబెకలు.]

ముందు చుట్టూ ఉన్న శబ్దాల సంగతి. తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంటుంది, అప్పుడు రికార్డు చేసుకోవచ్చు అనుకుంటాం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఊళ్లలో ఇది పనికిరాదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారేముందే బాగా తగ్గుతుంది, అందుకే నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆ వేళలోనే జోరుగా తిరుగుతాయి. వానాకాలం రాత్రులు కప్పలవి. వరి కోతల రోజుల్లో యంత్రాల మోత, పండుగ నెలల్లో గుడి మైకు. చాలా పల్లెల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక, రెండింటికీ నాలుగింటికీ మధ్య ఊరు కాస్త సద్దుమణుగుతుంది. మీ ఊళ్లో ఏ వేళ అలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఒక పని చేయండి. కూర్చోవాలనుకున్న చోట ఫోన్ పెట్టి వేర్వేరు వేళల్లో రెండేసి నిమిషాలు ఖాళీగా రికార్డు చేసి, హెడ్‌ఫోన్లతో వినండి. మన చెవి రోజూ వినే మోతను పట్టించుకోవడం మానేస్తుంది. మైకు మానదు. ఫ్రిజ్ గుర్రుమనడం, ఇన్వర్టర్ జుమ్మనడం, సీలింగ్ ఫ్యాన్ కిర్రుమనడం అప్పుడు బయటపడతాయి.

ఫ్యాన్ గురించి ఒక మాట. మే నెలలో ఎనభై ఏళ్ల మనిషి ముందు ఫ్యాన్ కట్టేసి గంటసేపు మాట్లాడమనడం తప్పు. అలాంటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపి, నిలువు ఫ్యాన్‌ను తక్కువ వేగంలో, మైకుకు వెనకవైపు దూరంగా పెట్టండి. ఎందుకు వెనకవైపు అంటే, కార్డియాయిడ్ రకం మైకు ఎదుటి శబ్దాన్ని బాగా తీసుకుంటుంది, సరిగ్గా వెనక నుంచి వచ్చేదాన్ని అతి తక్కువగా తీసుకుంటుంది. రోడ్డు, కిటికీ, ఫ్యాన్ ఏదైనా సరే, మైకు వీపు అటువైపు ఉండాలి. గాలి మాత్రం మైకు మీదకు కొట్టకూడదు.

[తెరపై: ఒకే మనిషి, ఒకే మైకు, ఒకే గది. మొదట రెండు అడుగుల దూరం నుంచి, తరువాత అరడుగు దూరం నుంచి అదే వాక్యం చెబుతారు. ధ్వనిలో ఎలాంటి మార్పూ చేయకూడదు.]

ఇప్పుడు విన్నది జాగ్రత్తగా గమనించండి. ఈ వీడియోలో ఒక్క విషయమే గుర్తుంటుందంటే, అది ఇదే కావాలి. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెళ్లు (శబ్దం స్థాయిని కొలిచే లెక్క) పెరుగుతుంది. రెండు అడుగుల నుంచి అరడుగుకు వస్తే 12 డెసిబెళ్లు. గదిలో తిరిగే ప్రతిధ్వని మాత్రం ఉన్నంతే ఉంటుంది. అంటే గొంతు ముందుకొస్తుంది, గది వెనక్కి పోతుంది. పైసా ఖర్చు లేదు. బెత్తెడు కన్నా ఎక్కువ, జానెడు కన్నా తక్కువ దూరం పాటించండి. మరీ దగ్గరగా వెళితే గొంతు బొంగురుగా, బరువుగా మారుతుంది. ప, ఫ, భ లాంటి అక్షరాల దగ్గర ఊపిరి మైకును తన్నుతుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టి, నోటివైపు తిప్పితే ఆ తన్ను చాలావరకు తప్పుతుంది. దానికితోడు నురుగు తొడుగు ఉండాలి.

గదిలో ప్రతిధ్వని ఎంత ఉందో చప్పట్లు కొట్టి చూస్తే తెలుస్తుంది. సిమెంటు గోడలు, టైల్స్ వేసిన నేల, ఖాళీ హాలు ఉంటే చప్పట్ల తరువాత గింగురుమంటుంది. అలాంటి గదికి పరుపులు, బొంతలు, దుప్పట్లు, బట్టలతో నిండిన అలమర మేలు చేస్తాయి. మాట్లాడేవారి వీపు వెనక ఒక పరుపును నిలబెట్టి చూడండి, తేడా అక్కడికక్కడే వినిపిస్తుంది. ధాన్యం బస్తాలు పేర్చిన గది దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించమని చాలామంది చెబుతారు. కోళ్ల ఫారాలున్న తణుకు వైపు అవి కావలసినన్ని దొరుకుతాయి కూడా. దయచేసి ఆ పని చేయకండి. పలుచని అట్ట శబ్దాన్ని పెద్దగా పీల్చదు, బయటి మోతను అసలే ఆపదు. నాలుగు వైపులా గోడలు లేని అరుగు చాలాసార్లు హాలుకన్నా బాగుంటుంది, గాలి లేని రోజున.

[తెరపై: బల్ల మీద మూడు రకాల సామాను పక్కపక్కన. ఒక్కొక్కదాన్ని చేత్తో ఎత్తి చూపాలి.]

ఇక మైకు. కండెన్సర్, డైనమిక్ అని రెండు ప్రధాన రకాలు. కండెన్సర్ సున్నితమైనది. మంచి గదిలో గొంతులోని ప్రతి పలుకునూ పట్టిస్తుంది, సాధారణ గదిలో పక్కింటి కుక్కర్ కూతనూ పట్టిస్తుంది. స్టూడియో రకం వాటికి కేబుల్ ద్వారా 48 వోల్టుల విద్యుత్తు అందించాలి. తేమ కూడా వాటికి పడదు, మన గాలిలో ఉండేదే తేమ. కొంటే, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకోవాలి. డైనమిక్ మైకు మొరటుది, దగ్గరి గొంతును తీసుకుని దూరపు మోతను వెనక్కి నెడుతుంది. డెల్టాలో ఇంటింటికీ తిరిగి రికార్డు చేసేవారికి డైనమిక్కే సరైనదని నా అభిప్రాయం. షూర్ ఎస్ఎం58 అనే డైనమిక్ మైకు 1966లో వచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతటా వేదికల మీద అదే కనిపిస్తుందంటే దాని గట్టిదనం అర్థమవుతుంది. అదే కంపెనీ ఎస్ఎం7బి వీడియోల్లో అందంగా కనిపిస్తుంది. కానీ దానికి దాదాపు 60 డెసిబెళ్ల పెంపు కావాలి, చిన్న పరికరాలు అంత పెంచబోతే వెనకనుంచి సన్నటి సుయ్‌మనే శబ్దం తోడవుతుంది. మొదటి మైకుగా దాని జోలికి వెళ్లకండి.

మీరొక్కరే ఇంట్లో కూర్చుని మాట్లాడతారా? కంప్యూటర్‌కు నేరుగా తగిలించే యూఎస్‌బీ డైనమిక్ మైకు చాలు. సామ్‌సన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ లాంటివాటికి యూఎస్‌బీతో పాటు రికార్డర్ కేబుల్ తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ కూడా ఉంటుంది. రేపు రికార్డర్ కొన్నా మైకు వృథా కాదు. ల్యాప్‌టాప్‌ను రికార్డింగ్ సమయంలో చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది, దాని జుమ్మనే ధ్వని చార్జర్ దారిన మైకులోకి రావచ్చు.

ఇద్దరు కూర్చుని మాట్లాడే కార్యక్రమానికి రెండు యూఎస్‌బీ మైకులు ఒకే కంప్యూటర్‌కు తగిలించడం తలనొప్పి. దానికి రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లున్న, బ్యాటరీతో నడిచే చేతి రికార్డర్ తీసుకోండి. జూమ్, టాస్కామ్ కంపెనీలవి దొరుకుతాయి. ఎవరి మైకు వారికి, ఎవరి ట్రాక్, అంటే విడి రికార్డింగు, వారికి. ఎదురెదురుగా కూర్చోబెడితే ఒకరి మైకు వీపు రెండోవారి వైపు ఉంటుంది. మైకుల మధ్య దూరం, నోటికీ మైకుకూ ఉన్న దూరానికి మూడింతలైనా ఉండాలి. అప్పుడు ఒకరు దగ్గినా రెండోవారి మాట చెడదు. నేను డబ్బు పెట్టమని చెప్పేది ఈ రికార్డర్ మీద, ఒక మంచి హెడ్‌ఫోన్ మీద.

డబ్బు లేదంటే ఫోన్, కాలర్ మైకు. ఇది చిన్న ఏర్పాటేమీ కాదు, మైకు గుండెల దగ్గరే ఉంటుంది కాబట్టి దూరం సమస్య తీరిపోతుంది. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మాత్రం మరవకండి.

[తెరపై: లేసు అల్లుతున్న చేతులు, దగ్గరగా. గాజులు కదులుతుంటాయి. ధ్వని: ముందు పమిటకు తగిలించిన కాలర్ మైకుది, తరువాత స్టాండు మైకుది.]

కానీ ఇది వినండి. చేతులు ఆడిస్తూ మాట్లాడే మనిషికి కాలర్ మైకు పెడితే గాజులు, మెడలో గొలుసు, చీర రాపిడి అన్నీ మాటతో పోటీపడతాయి. ఆమెను గాజులు తీయమనడం మర్యాద కాదు, పని ఆపేయమంటే కబుర్లూ ఆగిపోతాయి. అక్కడ పొట్టి స్టాండు మీద డైనమిక్ మైకు పెట్టి, స్టాండు కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి. గాజుల సవ్వడి సన్నగా వినిపిస్తుంది, అది ఉండనివ్వండి. అది ఆమె పని చప్పుడు.

రికార్డు చేసేటప్పుడు సెట్టింగుల్లో నాణ్యతను 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్, కుదింపు లేని వేవ్ ఫైలుగా పెట్టుకోండి. మాట గట్టిగా ఉన్న చోట కూడా లెవెల్ చూపే ముల్లు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా చూసుకోండి. సున్నా దాటితే గొంతు పగిలిపోతుంది, తరువాత బాగుచేయడం కష్టం. కొత్త రికార్డర్లలో 32 బిట్ ఫ్లోట్ అనే సౌకర్యం వస్తోంది. దానితో లెవెల్ తప్పినా తరువాత సరిచేసుకోవచ్చు. పెద్దవాళ్లు కథ చెబుతూ ఉన్నట్టుండి గొంతు పెంచుతారు కాబట్టి నిజంగా పనికొచ్చేదే. అయినా దూరంగా పెట్టిన మైకును అది దగ్గరికి తేలేదు. మాటలు మొదలయ్యేముందు అందరినీ ఊరుకోమని అర నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో అదే మన ఆధారం.

అతిథి కువైట్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే? కాల్‌లో వచ్చే గొంతును రికార్డు చేయకండి. మాట్లాడుకోవడం కాల్‌లో, రికార్డింగ్ మాత్రం ఎవరి దగ్గర వారు, కాల్‌కు వాడని మరో ఫోన్‌లోనో రికార్డర్‌లోనో. మొదట్లో ఇద్దరూ కలిసి ఒకసారి చప్పట్లు కొడితే తరువాత రెండింటినీ కలపడం తేలిక. గంట సేపట్లో రెండు పరికరాల గడియారాలూ కాస్త కాస్త జారతాయి, మధ్యలో మరోసారి సరిచూసుకోవాలి. అతిథి ఆ ఫైలును వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపమనండి. వాయిస్ మెసేజ్‌గా వస్తే కుదించుకుపోయి వస్తుంది.

[తెరపై: కంప్యూటర్‌లో ఫోల్డర్. ఫైలు పేరులో తేదీ, ఊరు, విషయం.]

ఇంటికి రాగానే, భోజనానికి కూర్చోకముందే, కార్డులోని ఫైళ్లను రెండు చోట్లకు కాపీ చేయండి. ఒక మైకు ట్రాక్ గంటకు దాదాపు 520 మెగాబైట్లు ఉంటుంది, ఈరోజుల్లో అది భారం కాదు. రెండు కాపీలూ తెరిచి విన్నాకే కార్డు ఖాళీ చేయాలి.

ఎడిటింగ్‌కు ఆడాసిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితం, సరిపోతుంది. ముందు కథ చూసుకోండి, అంటే ఏ భాగం ఉండాలి, ఏది పోవాలి అని. శబ్దం శుభ్రం చేయడం ఆ తరువాత. 80 హెర్ట్‌జ్ కింది ధ్వనులను తగ్గించే ఫిల్టర్ పెట్టి, ఇందాకటి ఖాళీ శబ్దాన్ని నమూనాగా ఇచ్చి హోరును కొద్దిగా తగ్గించండి. ఎక్కువ తగ్గిస్తే స, శ అక్షరాలు అరిగిపోయి మనిషి నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చివరగా మొత్తం ధ్వని స్థాయిని, చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో, స్టీరియోకు (కుడి ఎడమలకు వేర్వేరు ధ్వని) మైనస్ 16కి, మోనోకు (రెండింటికీ ఒకే ధ్వని) మైనస్ 19కి తెచ్చి ఎంపీ3గా మార్చండి. మాటలకు మోనో చాలు. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున గంట ఎపిసోడ్ 30 మెగాబైట్ల లోపే ఉంటుంది, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న లంక గ్రామాల్లో కూడా దిగుతుంది.

కోతల విషయంలో ఒక విన్నపం. ప్రతి విరామాన్నీ, ప్రతి ‘ఆయ్’నూ, ప్రతి ‘అండీ’నీ కత్తిరించే అలవాటు చేసుకోకండి. వరద నీళ్లు గడప దాకా వచ్చిన రాత్రి గురించి చెబుతూ ఒకాయన ఆగితే, ఆ ఆగడం కూడా చెప్పడంలో భాగమే. అడిగినవారి తడబాట్లు తీసేయండి, చెప్పినవారి తీరును ఉంచండి.

ప్రచురించడం సులువైన పని. పాడ్‌కాస్ట్ ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉంచే ఏదో ఒక హోస్టింగ్ సేవలో ఫైలు పెడితే అది ఆర్ఎస్ఎస్ ఫీడ్, అంటే ఎపిసోడ్ల జాబితా ఉండే లింకు, తయారుచేస్తుంది. ఆ ఒక్క ఫీడ్‌ను స్పాటిఫై, ఆపిల్ పాడ్‌కాస్ట్స్ లాంటి చోట్ల నమోదు చేస్తే చాలు, కొత్త ఎపిసోడ్ అన్నిచోట్లా దానంతట అదే కనిపిస్తుంది. పేరు తెలుగు లిపిలో పెట్టండి. ఊరి పేరు కూడా రాయండి, వెతికేవారికి దొరుకుతుంది.

అంతకన్నా ముందు పూర్తయిన ఎపిసోడ్‌ను మాట్లాడినవారికి వినిపించండి. వాళ్లకు ఫోన్ వాడకం తెలియకపోతే మీరే వెళ్లి వినిపించండి. ఏ మాటైనా వద్దంటే కారణం అడగకుండా తీసేయండి. వాళ్లు సరేనన్న తరువాతే ప్రచురించు అన్న బటన్ నొక్కండి.